అనధికార వియ్యంకుడు

మా వీధి చివర పారే ఏటికి అంతర్జాతీయ హోదా లభించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇంతకాలం అది ఉత్త ఏరు. కొండల అవతల పరాయి దేశంలో పుట్టి, సరిహద్దు దాటి, ఎవరి అనుమతీ లేకుండా మా వీధిలోకి వచ్చి, మా సామాన్లు కొన్ని తీసుకుని వెళ్ళిపోయేది. ఇప్పుడలా కాదు. రెండు దేశాలు, వాటికి పెద్దమనిషిగా ఒక అంతర్జాతీయ సంస్థ, కూర్చుని సంతకాలు చేశాయి. ఇకమీదట ఏరు కబురు పెట్టి మరీ వస్తుంది.

నాది టార్పాలిన్లు, తాళ్ళు, బకెట్లు అమ్మే దుకాణం. వరద వస్తే నా సరుకు తడుస్తుంది. వరద తగ్గాక నా సరుకే అందరికీ కావాలి. కాబట్టి ఏటి మీద నాకు ప్రేమా లేదు, పగా లేదు. నీళ్ళు రాకముందే సరుకు మేడెక్కితే లాభం, ఎక్కకపోతే నష్టం. లాభానికీ నష్టానికీ మధ్య ఉన్నదల్లా ఒక పూట వ్యవధి.

ఆ పూట మాకు మా వియ్యంకుడి దగ్గర్నుంచి వచ్చేది. మా అమ్మాయిని సరిహద్దు అవతల, ఏటికి ఎగువన ఉన్న ఊళ్ళో ఇచ్చాం. వియ్యంకుడిది కలప అడితి. అడితి వెనక ఏట్లోకి దిగే మెట్లున్నాయి. నీళ్ళు మూడో మెట్టు ఎక్కగానే ఆయన ఫోను తీసి, "బావగారూ, బయల్దేరింది" అనేవాడు, ఆడపిల్లను అత్తారింటికి సాగనంపుతున్నట్టు. ఆ తర్వాత మా అమ్మాయి ఫోను లాక్కుని, వాళ్ళమ్మను బట్టలు అటక మీద పెట్టమనీ, నన్ను బీపీ మాత్ర మరిచిపోవద్దనీ చెప్పేది. నేను దుకాణం ముందుకొచ్చి బకెట్ మీద గరిటెతో వాయించేవాణ్ణి. వీధి వీధంతా మూటలు సర్దుకుని గుట్ట మీద ఉన్న బడికి ఎక్కేది. మొత్తం ఖర్చు ఒక ఫోను పిలుపు, ఒక సొట్ట బకెట్.

అందరికంటే ముందు ఎక్కవలసిన మనిషి మా బావ, అంటే మా అక్క మొగుడు. వీధిలో అన్నిటికంటే పల్లపు ఇల్లు వాళ్ళది. ఒకప్పుడు లారీ నడిపేవాడు. లారీ బోల్తా పడి నడుం కింద భాగం చచ్చుబడింది. నడుం పైన మాత్రం పూర్తి మనిషి. గొంతు గానీ తిండి గానీ కోపం గానీ వీసమెత్తు తగ్గలేదు. ఆయన్ను మంచంతో సహా గుట్ట ఎక్కించాలంటే నలుగురు మోయాలి, ఆ నలుగురూ పదిసార్లు ఆగి ఆయాసపడాలి. కాస్త ఆలస్యమైందా, అక్క ఇంట్లో నీళ్ళు మంచం మీదికొస్తాయి. వీధిలో తక్కినవాళ్ళకు వరద అంటే సామాను లెక్క. మా అక్కకు మొగుడి లెక్క.

కొన్నేళ్ళ కింద ఒక పెద్ద వరద వచ్చింది. వియ్యంకుడు ఫోను చేశాడు, నేను బకెట్ వాయించాను, అందరం గుట్టెక్కాం. ఇళ్ళు పోయాయి, గోడలు పోయాయి, మనుషులం మాత్రం అందరం క్షేమం. నీళ్ళు తీశాక దిగొచ్చి, సాయం కోసం వరసగా నిలబడ్డాం. నష్టం అంచనా వేసే అధికారి వచ్చాడు. ఎంతమంది పోయారని అడిగాడు. ఎవరూ పోలేదన్నాం. "ఒక్కరు కూడానా?" అని ఎంతో సానుభూతితో అడిగాడు. లేరండీ అని తల దించుకున్నాం. ఆయన నిట్టూర్చి నిబంధన వివరించాడు. కనీసం ఒక మరణం ఉంటేనే దాన్ని విపత్తు అంటారు. మరణం లేకపోతే, ఎన్ని గోడలు కూలినా సరే, ప్రభుత్వ భాషలో దాని పేరు అధిక తేమ.

మాకు దిగువన ఉన్న ఊరి వాళ్ళకు ఎగువన వియ్యంకులు లేరు. అక్కడ ఒకాయన పోయాడు. ఆ ఊరికి కొత్త వంతెన, రేకుల ఇళ్ళు, మోటారు పడవ, ఒక సభామందిరం వచ్చాయి. మా వీధి వాళ్ళందరం ఆ వంతెన చూడ్డానికి వెళ్ళాం. అటు నడిచాం, ఇటు నడిచాం, కమ్మీలు తట్టి చూశాం. తిరిగొచ్చేటప్పుడు వంతెన ఎన్ని అడుగులుందో లెక్కేసుకుంటూ నడిచాం. చివరికి బేకరీ ఆయన నా పక్కకు చేరాడు.

"అన్నా, ఏమీ అనుకోవద్దు. మీ వియ్యంకుడు మంచాయనే, కాదనను. కానీ ఆయన మంచితనం వల్ల మన వీధికి ఒరిగిందేముంది?"

వ్యాపారంలో నాకు తెలిసిందొకటే. చిరిగిన టార్పాలిన్ తెచ్చి చూపించి గొడవపడే ఖాతాదారుడు ఉంటాడు గానీ, చిరగని టార్పాలిన్ తెచ్చి దండం పెట్టే ఖాతాదారుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

సరిగ్గా ఇలాంటి సమయంలో అంతర్జాతీయ సహకారం మా ఊరికి వచ్చింది. సదస్సుకు పందిరి కావలసి వచ్చి నా దుకాణానికొచ్చారు. పందిరి నాది కాబట్టి స్థానిక కమిటీలో నన్ను వ్యాపార వర్గాల ప్రతినిధిగా వేశారు. ఆ విధంగా ప్రకృతి వైపరీత్యాల రంగంలో నేను కూడా ఒక నిపుణుణ్ణి అయ్యాను.

సదస్సు ముందుకొచ్చిన మొదటి సమస్య ఏటి పేరు. ఎగువ దేశం వాళ్ళకు దానికి ఒక పేరుంది, మాకు ఇంకొకటి ఉంది. పేరు తేలని ఏటి గురించి హెచ్చరిక జారీ చేస్తే రేపు అది ఏ ఏటికి చెందుతుంది? ఎంతో చర్చ జరిగి, మధ్యలో ఒక దేశం వాళ్ళు అలిగి లేచి వెళ్ళి, భోజనానికి తిరిగొచ్చి, చివరికి 'సంబంధిత జలప్రవాహం' అని ఏకగ్రీవంగా నామకరణం చేశారు. చప్పట్లు మోగాయి. పందిరి బయట సంబంధిత జలప్రవాహం తన మానాన పారుతూనే ఉంది.

రెండో సమస్య కొలత. వాళ్ళు నీటి లోతును ఏటి అడుగు నుంచి పైకి కొలుస్తారు. మేము గట్టు అంచు నుంచి కిందికి, నీళ్ళు తాకడానికి ఇంకెంత ఖాళీ ఉందో కొలుస్తాం. ఏరు పొంగితే వాళ్ళ అంకె పెరుగుతుంది, మా అంకె తగ్గుతుంది. ఒకరి పద్ధతి ఇంకొకరు ఒప్పుకుంటే దేశగౌరవం ఏం కాను? అందుకని రెండు అంకెల సగటు తీయాలని ఒప్పందం కుదిరింది. ఆ సగటు ఎండాకాలంలోనూ వరదలోనూ ఒకేలా వస్తుంది. పొరుగు దేశాల మధ్య ఇంత నిలకడ ఎక్కడా చూడలేదని అంతర్జాతీయ సంస్థ పరిశీలకురాలు ముగ్ధురాలైంది.

ఇక హెచ్చరిక వచ్చే మార్గం. ఎగువ ఊరి నుంచి వాళ్ళ రాజధానికి, అక్కడి నుంచి సముద్రం అవతల ఉన్న సమన్వయ కేంద్రానికి, అక్కడ మూడు భాషల్లోకి అనువాదమై మా రాజధానికి, అక్కడి నుంచి ముద్ర వేసుకుని మా ఊరి కార్యాలయానికి రావాలి. మైకు బిగించిన వ్యాను మా వీధిలో చదివి వినిపించాలి. ఈ దారంతా తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందని నేను లేచి అడిగాను. అధ్యక్షుల వారు చిరునవ్వుతో మైకు దగ్గరికి జరిగారు.

"వ్యాపార మిత్రులు మంచి ప్రశ్న వేశారు. హెచ్చరికకు వేగం ముఖ్యం కాదు, విశ్వసనీయత ముఖ్యం. తొందరపడి వచ్చిన నిజం కంటే క్రమశిక్షణతో వచ్చిన సమాచారమే సమాజానికి శ్రేయస్కరం. ఈ రోజు మొదలు ఈ తీరాన ఏ పౌరుడూ అనధికార భయానికి లోనుకావలసిన అవసరం లేదు."

అనధికార భయం అంటే మా వియ్యంకుడు. వ్యక్తిగత ఫోను ద్వారా వచ్చే నీటి వార్తలను పుకార్లుగా పరిగణించాలని తీర్మానించారు. పైగా ఇంకో మంచి నిబంధన చేర్చారు. మరణం లేకపోయినా సాయం ఉంటుంది. కాకపోతే అధికారిక హెచ్చరిక వినిపించాక, మోకాలి లోతు నీళ్ళలో తన చిరునామాలో నిలబడి కనిపించినవారే బాధితులు. అంతకుముందే ఊరు దాటినవారిని స్వచ్ఛంద పర్యాటకులుగా నమోదు చేస్తారు. పర్యాటకులకు నష్టపరిహారం ఏ దేశంలోనూ ఇవ్వరు.

ఆ వారమే మా అక్క వాళ్ళ వాకిట్లో వీధి సమావేశం పెట్టాం. వియ్యంకుడి ఫోను ఇక వీధికి అక్కర్లేదని ప్రతిపాదించింది బేకరీ ఆయన, బలపరిచింది ట్యూషన్ మాస్టారు. పాలాయన మొదలుకుని మందుల షాపావిడ దాకా అందరూ చేతులెత్తారు. మా అక్క, పాత వరదకు సగం పోయిన తన ఇంటి కప్పు వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసి, సగం చెయ్యెత్తింది. బావ ఏదో చెప్పడానికి చెయ్యెత్తాడు. దాన్ని కూడా ఓటుగా లెక్కించి ఏకగ్రీవమని రాసుకున్నారు.

నేను వియ్యంకుడికి ఫోను చేసి, మీరిప్పుడు అనధికారమయ్యారని సాధ్యమైనంత మర్యాదగా తెలియజేశాను.

"సరే బావగారూ. మరి నీళ్ళొస్తే ఎవరికి చెప్పమంటారు?"

"మీ రాజధానికి చెప్పండి."

"వాళ్ళకెందుకు బావగారూ? వాళ్ళు కొండమీదున్నారు కదా, వాళ్ళెందుకు మునుగుతారు?"

మర్నాడు బేకరీ ఆయన తాడు కొనడానికి వచ్చాడు. ఏ సైజు తాడంటే ఏదో ఒకటి అన్నాడు. దుకాణంలో ఎవరూ లేరని చూసుకుని, నిన్న నేనన్నది వీధి మేలు కోరి అన్నానన్నా, ఒకవేళ మీ వియ్యంకుడు పొరపాటున ఫోను చేస్తే నాకొక్కడికి చెప్పండి, మూడో కంటికి తెలియనివ్వను, అన్నాడు. ఆయన వెళ్ళగానే ట్యూషన్ మాస్టారు బకెట్ కోసం వచ్చారు. పాలాయన రెండు బకెట్లు కొన్నాడు. మందుల షాపావిడ తాడు కొని, దాన్ని చేతిలో మెలితిప్పుతూ, మాకు చంటిబిడ్డ ఉంది కదండీ అంది. అందరికీ సరేనన్నాను. ఆ వారం తాళ్ళ అమ్మకం బాగా జరిగింది. అక్క మాత్రం ఏమీ కొనలేదు. గుమ్మంలో నిలబడి ఒక్క మాట అడిగి వెళ్ళింది.

"ఒరే తమ్ముడూ, మీ బావను మోయడానికి ఆ రోజు నలుగురు దొరుకుతారా?"

వానలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"బావగారూ, నేనేమీ చెప్పడం లేదు. నీళ్ళ మాట అసలు ఎత్తడం లేదు. మీ అమ్మాయి కులాసా అని చెప్పడానికి చేశాను. పొద్దున మూడో మెట్టు మీదుంది, ఇప్పుడు అయిదో మెట్టు మీదుంది. చాలా హడావుడిగా మీ ఇంటికి బయల్దేరింది."

నేను బకెట్ వాయించలేదు. కమిటీ సభ్యుణ్ణి. ఇంటింటికీ వెళ్ళి, నీకొక్కడికే చెబుతున్నానని అందరికీ చెప్పాను. ఆ తర్వాత మా వీధి ఎంత నాగరికంగా ఖాళీ అయిందో వర్ణించడం కష్టం. చిరునామాలో ఉన్నట్టు కనిపించాలి కాబట్టి అందరూ ముందు గదిలో దీపం వేసి, టీవీ పెట్టి, పెరటి దారిన బయటపడ్డారు. బేకరీ ఆయనా, పాలాయనా, మాస్టారూ, నేనూ బావ మంచం పట్టుకున్నాం. దారి పొడుగునా ఆయన మమ్మల్ని తిడుతూనే ఉన్నాడు. గుట్ట మీద బడి వరండాలో వీధి మొత్తం కలుసుకుంది. ఎందుకొచ్చావని ఎవరూ ఎవరినీ అడగలేదు. చల్లగాలికి వచ్చామని అందరం ఎవరికి వారే చెప్పుకున్నాం. కింద మా ఇళ్ళల్లో టీవీలు నీళ్ళు తాకేదాకా మోగి, ఒక్కొక్కటే ఆగిపోయాయి.

అధికారిక హెచ్చరిక సంగతి చెప్పాలి. సగటు అంకెలో మార్పేమీ లేనందువల్ల అది అసలు బయల్దేరలేదు. రాత్రి ఎగువ రాజధానిలో ఒక పెద్దాయన టీవీ వార్తల్లో మా వీధి మునిగిపోవడం చూసి, ఈ వీధికి వరద ముప్పు ఉండవచ్చునని రాసి పంపాడట. ఆ కాగితం సముద్రం దాటి, మూడు భాషలు మాట్లాడి, ముద్ర వేయించుకుని మర్నాడు పొద్దెక్కాక వ్యానులో వచ్చింది. నీళ్ళలోకి రాలేక వ్యాను గుట్ట వాలులోనే నిలబడి చదివి వినిపించింది: పౌరులు భయపడవద్దు, వరద రావచ్చును, కాసేపట్లో బాధితుల నమోదుకు అధికారి, అంతర్జాతీయ పరిశీలకురాలు వస్తున్నారు, అందరూ తమ తమ చిరునామాల్లో ఉండవలెను.

సరిగ్గా అప్పుడే నీళ్ళు తగ్గుతున్నాయి. నడుం లోతు నుంచి తొడల దాకా వచ్చాయి. ఇంకాస్త ఆలస్యమైతే మోకాలి కిందికి పోతాయి. వీధిలో అప్పటిదాకా లేని భయం అప్పుడు పుట్టింది. ఏటి నుంచి పారిపోయి వచ్చిన వాళ్ళందరూ, ఏరు తమను వదిలేసి పోతుందేమోనని, ఒకర్నొకరు తోసుకుంటూ కిందికి పరుగెత్తారు. మందుల షాపావిడ చంటిబిడ్డను పైన తన తల్లికి అప్పగించి దిగింది. తిరిగి ఎక్కొచ్చి, బిడ్డకు కూడా ఒక పేరుంది కదా అని, ఎత్తుకుని మళ్ళీ దిగింది.

బావను దించాలని అన్నది ఎవరో నాకు గుర్తులేదు. అందరం అనుకున్నాం, ఎవరో ఒకరన్నారు. నీళ్ళలో మంచం, మంచం మీద కదలలేని మనిషి. అంతకంటే నికార్సయిన బాధితుడు రెండు దేశాల్లోనూ దొరకడు. ఆయన పక్కన నిలబడితే మనమూ బాధితుల్లాగే కనిపిస్తాం. అక్క వద్దంది. ఈసారైనా ఇంటికి కప్పు పడుతుంది వదినా, అని బేకరీ ఆయన నచ్చజెప్పాడు. అక్క నా వైపు చూసింది. నేను మంచం కోడు వైపు చూశాను.

"ఎక్కించేటప్పుడు పది చోట్ల ఆగారు కదరా," అన్నాడు బావ, మేము గుట్ట దిగుతుంటే. "దించేటప్పుడు ఒక్కడికీ ఆయాసం లేదేం?"

వాళ్ళింటి గుమ్మం ముందు, నీళ్ళకు జానెడు ఎత్తున మంచాన్ని పట్టుకుని నిలబడ్డాం. జీపు వచ్చి వీధి మొదట్లో మెరక మీద ఆగింది. అధికారి ప్యాంటు మడుచుకుని, కొలకర్ర పట్టుకుని దిగాడు. వెనక పరిశీలకురాలు, ఆమె అనువాదకుడు. బావను చూడగానే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ పెద్దమనిషితోనే మొదలుపెట్టండి అని అనువాదకుడి చేత చెప్పించింది. అధికారి పుస్తకం తెరిచి బావ ఇంటిపేరు రాయడం మొదలుపెట్టాడు.

నా చొక్కా జేబులో ఫోను మోగింది.

ఆ మోత ఎవరిదో వీధిలో అందరికీ తెలుసు. నా రెండు చేతులూ మంచం కింద ఉన్నాయి. కోడు వదిలితే బావ నీళ్ళలో పడతాడు. బావే చెయ్యి చాచి నా జేబులోంచి ఫోను తీశాడు. రెండు మాటలు విని, పెట్టేశాడు.

"అడితి పై మెట్టు కూడా మునిగిందట. ఇందాకటిది కాదు, ఇది ఇంకోటి. దగ్గరికొచ్చేసింది. నన్ను పైకెత్తండ్రా."

ఎవరూ కదల్లేదు. ఒక్క నిమిషం, మా పేర్లింకా రాలేదు, అన్నాడు పాలాయన. అధికారి కలం ఆపి, అది అనధికార సమాచారమని ప్రకటించాడు. ప్రకటించాక కాసేపు ఏటి వైపు చూశాడు. గొంతు తగ్గించి, పై మెట్టంటే సుమారు ఎంత ఎత్తుంటుంది అని నన్నడిగాడు. మా మేడ పిట్టగోడ అంత ఉంటుందన్నాను. పరిశీలకురాలికి మా భాష ఒక్క ముక్క రాదు. అయినా అనువాదకుడు నోరు తెరిచేలోపే ఆమె జీపులో కూర్చుంది. ఆమె వెనక అనువాదకుడు, అనువాదకుడి వెనక అధికారి, అధికారి చంకలో పుస్తకం. జీపు గుట్ట వైపు కదిలింది.

పుస్తకంలో అప్పటికి పడింది మా బావ ఇంటిపేరు ఒక్కటే. అసలు పేరు పడలేదు. దాన్ని చూసింది మా అక్క.

"చూస్తారేం, మోయండి. సగం రాసిన పేరుకు సగం కప్పు కూడా ఇవ్వరు. జీపు వెనకే పదండి."

ఆ మాటకు వీధంతా కదిలింది. వరదకు పరుగెత్తని వాళ్ళం పుస్తకం వెనక పరుగెత్తాం. పది చోట్ల ఆగి ఎక్కే గుట్టను మంచంతో సహా ఒక్క ఊపులో ఎక్కేశాం. బావకు పాత రోజులు గుర్తొచ్చి, ఎడమకి కొట్టు, బండొస్తోంది, గేరు మార్చు అని మంచం మీద నుంచి కేకలు పెడుతున్నాడు. మేము బడి గేటు దాటి వెనక్కి చూసేసరికి, మేం నిలబడ్డ చోట గుమ్మం లేదు. అక్క ఇంటి నాలుగు గోడల్లో ఒకటి, అది కూడా మాతో వద్దామనుకున్నట్టు ముందుకు వాలి, నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

ఒక్క ప్రాణం పోలేదు. ఈ విజయం గురించి తర్వాత మీరు పత్రికల్లో చదివే ఉంటారు. రెండు దేశాల సమన్వయం వల్ల, సమయానికి చేరిన హెచ్చరిక వల్ల, ప్రాణనష్టం పూర్తిగా నివారించబడిందని నివేదిక వచ్చింది. సమన్వయ కేంద్రానికి బహుమతి ఇచ్చారు. ఇదే పద్ధతిని వేరే నదులకు కూడా నేర్పడానికి మా అధికారి విదేశాలు వెళ్ళాడు. ఎగువన మా వియ్యంకుడికి, నీటి సమాచారాన్ని పరాయి దేశానికి చేరవేశాడని వాళ్ళ ప్రభుత్వం నోటీసు ఇచ్చింది. మా సాయం సంగతి అడిగితే, అధికారి వచ్చిన సమయానికి నీళ్ళలో ఉన్నప్పటికీ, ఆయన వెళ్ళిన సమయానికి మేమెవరం చిరునామాల్లో లేమని తేల్చారు. పైన చెప్పిన నిబంధన మాకు వర్తించదు కాబట్టి పాత నిబంధనే మిగిలింది. దాని ప్రకారం చూస్తే మరణాలు సున్నా. మాకొచ్చింది అధిక తేమ.

మొన్న మళ్ళీ వీధి సమావేశం జరిగింది. అక్కా బావా రాలేదు. వాళ్ళ ఇల్లు, మిగిలిన మూడు గోడల మీద నేనిచ్చిన టార్పాలిన్‌తో అలాగే ఉంది. ట్యూషన్ మాస్టారు దిగువ ఊరి వంతెన గురించి, రేకుల ఇళ్ళ గురించి వివరంగా చెప్పి, ఆ ఊరికి ఇవన్నీ కేవలం ఒక్క మనిషి వల్ల వచ్చాయని గుర్తుచేసి కూర్చున్నారు. ప్రతిపాదన ఏమీ లేదు. చేతులెత్తమని ఎవరూ అడగలేదు. ఒక్కరు చాలు అన్న మాట ఎవరి నోటా రాలేదు. మావాళ్ళు సంస్కారవంతులు.

అయితే ఆ రోజు నుంచి వీధి వీధంతా మా బావను ఎంతో ఆప్యాయంగా చూసుకుంటోంది. బేకరీ నుంచి రోజూ కేకు వెళుతోంది. మందుల షాపావిడ బీపీ చూసి వస్తోంది. మంచం ముందుగదిలో, కిటికీ పక్కన, నేలబారుగా వేస్తే గాలి బాగా తగులుతుందని పాలాయన దగ్గరుండి జరిపించాడు. మా బావ పొంగిపోతున్నాడు. తను లేకపోతే ఈ వీధి ఏమైపోతుందోనని నాతో అన్నాడు.

నిన్న బేకరీ ఆయన దుకాణానికొచ్చాడు. ఆ గుట్ట ఎక్కీ దిగీ పాపం మీ బావ ఎంత అలిసిపోతున్నాడో, ఈ వానాకాలం ఆయన్ను ఇంట్లోనే హాయిగా ఉండనిద్దామన్నాడు. తనకెలాగూ నడుం పట్టేసిందట. మాస్టారికి మోకాళ్ళు వాచాయట. పాలాయనను డాక్టరు బరువులెత్తొద్దన్నాడట. మోసే నలుగురిలో నడుమూ మోకాళ్ళూ సవ్యంగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. వంతెన పడితే అవతలి గట్టు ఊళ్ళ బేరం కూడా మీ కొట్టుకే కదన్నా, అని ఒక మాట అని, తాడేమీ కొనకుండా వెళ్ళిపోయాడు.

ఎంతైనా సొంత అక్క మొగుడు. నేనింకా ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. లెక్క చూస్తున్నాను.